గుండె, యోగము, ముట్లుడిగిన స్త్రీలు

యోగి తన గుండెను ఆపగలడా? 1935లో భారతదేశమునకు వచ్చిన ఫ్రెంచి వైద్యురాలు థెరీజ్ బ్రోస్, గుండె విద్యుత్తును గీతలుగా చూపు యంత్రముతో పరీక్షించి, దాదాపు ఆపగలడనియే తలచెను. 1961లో వెంగర్, బాగ్చీ, ఆనంద్ అసలు కారణమును ప్రకటించిరి. ఊపిరి బిగబట్టి రొమ్మును, పొట్టను బిగించినప్పుడు సిరలనుండి గుండెకు చేరు రక్తము తగ్గును, నాడి చేతికందదు, గుండె మాత్రము కొట్టుకొనుచునే యుండును.

గుండె ఆగదని తేలినను, దాని భారమును యోగము తగ్గించగలదా అను ప్రశ్న మిగిలెను. 1973లో ఇంగ్లండులో డాక్టరు చంద్రా పటేల్ 20 మంది రోగులకు యోగవిశ్రాంతిని నేర్పి, రక్తపుపోటు తగ్గుటను చూపెను.

ఇది స్త్రీలకు ముఖ్య విషయము. ముట్లుడిగిన పిమ్మట ఈస్ట్రోజెన్ తగ్గును; ధమనులు బిరుసెక్కును; కొలెస్టరాల్, రక్తపుపోటు పెరుగును. హార్మోను మాత్రలు గుండెను కాపాడునని వైద్యులు చాలకాలము నమ్మిరి. 2002లో అమెరికాలో 16,608 మంది స్త్రీలపై జరిగిన పరీక్షలో, ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ కలిపి ఇచ్చినను గుండెజబ్బు తగ్గలేదు.

నెమ్మదిగా శ్వాసించినచో వేగస్ నాడి గుండె వేగమును తగ్గించును. పోటు కొంత దిగును. అయినను యోగము నడకకు, మితాహారమునకు, మందునకు తోడేగాని మారు కాదు. విద్యార్థులారా, మీ అమ్మమ్మగారు రక్తపుపోటును ఎప్పుడు చూపించుకొనిరో అడిగి తెలిసికొనుడు.