ప్రత్యర్థి కామిక్స్ సంస్థల పుటల్లో సూపర్‌హీరోల మరణం

అమెరికన్ కామిక్స్ రంగాన్ని దశాబ్దాలుగా రెండు సంస్థలు ఏలుతున్నాయి. సూపర్‌మ్యాన్, బ్యాట్‌మ్యాన్, ఫ్లాష్ డీసీ వారివి. స్పైడర్‌మ్యాన్, కెప్టెన్ అమెరికా, హల్క్ మార్వెల్ వారివి. ఒకరి కథల్లో పేరున్న వీరుడు నేలకొరిగితే రెండోవారు దాన్ని తమ పుటల్లో ఎలా తలుచుకున్నారన్నది ఈ వ్యాసం విషయం. రావణుడికి దహన సంస్కారాలు జరిపించమని విభీషణుణ్ణి ఒప్పించిన రాముడి కథ విని పెరిగినవాళ్లం కాబట్టి, చనిపోయిన ప్రత్యర్థిని గౌరవించడం మనకు వింతగా తోచదు. అయితే కామిక్స్‌లో దానికి చట్టం అడ్డొస్తుంది. వీరుడి పేరు, దుస్తులు, ఛాతీ మీది గుర్తు అన్నీ ట్రేడ్‌మార్కులే. అనుమతి లేకుండా అవతలివారి వీరుడి బొమ్మ గీయడానికి లేదు, పేరుపెట్టి ఏడవడానికీ లేదు. అందుకే ఈ నివాళులు చాలావరకు మారువేషంలో వచ్చాయి.

మొదట చెప్పుకోవలసిన మరణం కథలో కాదు, కోర్టులో జరిగింది. ఫాసెట్ సంస్థ 1940లో కెప్టెన్ మార్వెల్ అనే వీరుణ్ణి తెచ్చింది. రాసింది బిల్ పార్కర్, బొమ్మలు సి.సి. బెక్‌వి. బిల్లీ బాట్సన్ అనే కుర్రాడు ‘షజామ్’ అనగానే మహాబలుడైపోతాడు. ఆ దశాబ్దంలో ఈ పుస్తకాలు సూపర్‌మ్యాన్‌నే మించి అమ్ముడుపోయిన రోజులున్నాయి. ఇది మా సూపర్‌మ్యాన్‌కు నకలు అంటూ డీసీ 1941లో దావా వేసింది. దశాబ్దం పైగా సాగిన వ్యాజ్యం 1953లో రాజీతో ముగిసింది. ఫాసెట్ 4 లక్షల డాలర్లు చెల్లించి, ఆ వీరుడి పుస్తకాలు ఆపేసింది. ఆ వ్యాజ్యం కొస ఇంగ్లండ్‌లో తేలింది. ఫాసెట్ కథలను అక్కడ పునర్ముద్రించే ప్రచురణకర్తకు సరుకు ఆగిపోవడంతో, 1954లో మిక్ ఆంగ్లో చేత ‘మార్వెల్‌మ్యాన్’ను పుట్టించుకున్నాడు.

కెప్టెన్ మార్వెల్‌ను మళ్లీ బతికించింది దావా వేసిన డీసీయే. హక్కులను అద్దెకు తీసుకుని 1973 ఫిబ్రవరి సంచికతో ‘షజామ్!’ పత్రిక మొదలుపెట్టింది. అప్పటికే 1967లో మార్వెల్ సంస్థ ‘కెప్టెన్ మార్వెల్’ పేరును తన వేరే వీరుడికి పెట్టుకుంది కాబట్టి పుస్తకం మీద ఆ పేరు వేసే వీలు లేకపోయింది. తొలి సంచిక ముఖచిత్రం మీద కెప్టెన్ మార్వెల్‌ను పాఠకులకు పరిచయం చేస్తున్నది సూపర్‌మ్యానే. ఆ ఇరవై ఏళ్లూ వీరుడి కుటుంబమంతా కాలం స్తంభించిన స్థితిలో చిక్కుకుపోయిందని లోపలి కథ చెబుతుంది. ఎవరి పేరు మీద దావా నడిచిందో ఆ వీరుడి చేతే స్వాగతం పలికించడాన్ని మించిన పరిహారం ఈ రంగంలో మరొకటి కనబడదు.

మార్వెల్ వారి కెప్టెన్ మార్వెల్ 1982లో చనిపోయాడు. జిమ్ స్టార్లిన్ రాసి, బొమ్మలు గీసిన ఆ పుస్తకంలో అతణ్ణి చంపింది శత్రువు కాదు, క్యాన్సర్. స్టార్లిన్ తండ్రి పోయింది కూడా ఆ జబ్బుతోనే. జీవితమంతా ఈ వీరుడితో పోరాడిన స్క్రల్ అనే గ్రహాంతర జాతి, మంచం పట్టిన అతని దగ్గరికి దూతను పంపి తమ సాహస పతకాన్ని బహూకరిస్తుంది. సంస్థలు బాహాటంగా చేయలేని పనిని ఇక్కడ పాత్రలు చేశాయి.

అసలైన మారువేషపు నివాళి ఫ్లాష్‌కు దక్కింది. మార్వ్ వోల్ఫ్‌మన్, జార్జ్ పెరెజ్‌ల ‘క్రైసిస్ ఆన్ ఇన్ఫినిట్ ఎర్త్స్’ ఎనిమిదో సంచికలో, 1985లో, ఫ్లాష్ అయిన బారీ అలెన్ లోకాలను కాపాడేందుకు పరిగెత్తి పరిగెత్తి అంతమైపోతాడు. ఐదేళ్ల తరువాత మార్వెల్ పత్రిక ‘క్వాసార్’ 17వ సంచికలో రచయిత మార్క్ గ్రూన్‌వాల్డ్ ఒక పరుగు పందెం పెట్టాడు. మార్వెల్ లోకంలోని వేగవంతులంతా భూమి నుంచి చంద్రుడి దాకా పరిగెడుతుంటారు. ఉన్నట్టుండి చిరిగిన ఎర్రబట్టల్లో, బంగారు రంగు జుట్టుతో ఒకడు ఎక్కణ్ణుంచో ఊడిపడతాడు. పేరు అడిగితే సరిగా గుర్తులేదంటాడు, ‘బరీడ్ ఏలియన్’ లాంటిదేదో అంటాడు. అందరినీ దాటి పందెం గెలుస్తాడు. పాఠకుడికి ఇంకేం చెప్పనక్కర్లేదు. ప్రత్యర్థి సంస్థ ఇంట్లో చచ్చినవాడికి తన వాకిట్లో ప్రాణం పోసి, తన వీరులందరినీ అతని చేత ఓడించిన గ్రూన్‌వాల్డ్ ఔదార్యం సాటిలేనిది.

ఈయనే 1985-86లో ‘స్క్వాడ్రన్ సుప్రీమ్’ రాశాడు. డీసీ వీరుల బృందమైన జస్టిస్ లీగ్‌కు మార్వెల్ సృష్టించిన ప్రతిబింబాల కథ అది. బ్యాట్‌మ్యాన్‌ను పోలిన నైట్‌హాక్ చివరి సంచికలో చనిపోతాడు. గ్రూన్‌వాల్డ్ 1996లో కన్నుమూశాడు. ఆయన కోరిక ప్రకారం చితాభస్మాన్ని సిరాలో కలిపి ఆ కథల సంకలనాన్ని అచ్చు వేశారు.

అందరికీ తెలిసిన మరణం సూపర్‌మ్యాన్‌ది. 1992 నవంబర్ 18న నల్ల సంచిలో, చేతికి కట్టుకునే నల్లపట్టీతో సహా అమ్మకానికి వచ్చిన ‘సూపర్‌మ్యాన్’ 75వ సంచిక అరవై లక్షల ప్రతులకు పైగా చెల్లింది. మరుసటి ఏడే వీరుడు తిరిగొచ్చాడు. మార్వెల్ కెప్టెన్ అమెరికాను 2007లో చంపి, తరువాత అలాగే లేపింది. ఇలాంటి చావులు వార్తాపత్రికలకెక్కాయి గానీ, క్వాసార్ పందెంలోని ఆర్ద్రత వాటికి లేదు.

పాత్రలు మళ్లీ లేస్తాయి, సృష్టికర్తలు లేవరు. రెండు సంస్థలకూ బొమ్మలు గీసిన జాక్ కర్బీ 1994లో పోయాడు. 1998లో డీసీ వారి సూపర్‌మ్యాన్ యానిమేషన్ సీరియల్, కర్బీ పోలికలతో తీర్చిదిద్దిన డాన్ టర్పిన్ అనే పోలీసు అంత్యక్రియలను యూదు సంప్రదాయంలో చూపి, ఆ కథను కర్బీకి అంకితమిచ్చింది. గుమిగూడిన జనంలో కర్బీ గీసిన మార్వెల్ పాత్రలు కూడా కనిపిస్తాయి. మార్వెల్‌కు ముఖంలాంటి స్టాన్ లీ 2018 నవంబర్‌లో మరణించినప్పుడు డీసీ బహిరంగంగానే సంతాపం తెలిపింది. అదే ఏడాది వేసవిలో ఆయన ఒక డీసీ యానిమేషన్ సినిమాలో తనను తానే పోషించుకున్నాడు.

ఫ్లాష్ చావును గీసిన జార్జ్ పెరెజే 2003-04లో రెండు సంస్థల వీరులను కలిపిన ‘జేఎల్ఏ/అవెంజర్స్’కూ బొమ్మలు గీశాడు. రచన కర్ట్ బ్యూసిక్‌ది. అందులో బారీ అలెన్ తన మరణాన్ని తానే కళ్లారా చూస్తాడు, అయినా పోరాటం వదలడు. నయంకాని క్యాన్సర్ వచ్చిందని పెరెజ్ 2021 డిసెంబర్‌లో ప్రకటించాక, ఏళ్ల తరబడి దొరకని ఈ పుస్తకాన్ని మళ్లీ అచ్చు వేయడానికి డీసీ, మార్వెల్ రెండూ ఒప్పుకున్నాయి. ఇబ్బందుల్లో ఉన్న కామిక్స్ కళాకారులను ఆదుకునే హీరో ఇనిషియేటివ్ సంస్థ కోసం 7,000 ప్రతులు వేశారు. ఆ పుస్తకం 2022 మార్చిలో వచ్చింది. పెరెజ్ అదే ఏడాది మే 6న మరణించాడు.