ఘోటుల్ సర్దారు పేరేమిటి?
బస్తరు యువజన నాయకత్వపు ఆనవాళ్ళు – ఒక పరిశీలన

శంఖిని, డంకిని నదుల సంగమస్థానమైన దంతెవాడలో శాసనాలకు కొరత లేదు. దంతేశ్వరీ ఆలయంలో దిక్పాలదేవుడు 1703లో వేయించిన శాసనాలు రెండున్నాయి. ఒకటి సంస్కృతంలోను, మరొకటి నాటి లోకభాషలోను ఉన్నవి. రాజవంశం ఓరుగల్లు నుండి తరలివచ్చిన అన్నమరాజుతో మొదలైనదని అవి చెబుతాయి. సమీపంలోని బార్సూరులో 1060 నాటి తెలుగు శాసనం ఉంది. ఛిందక నాగరాజు ధారావర్షుని సామంతుడైన చంద్రాదిత్య మహారాజు ఆలయం కట్టించి, చెరువు త్రవ్వించిన సంగతి అందులో కనిపిస్తుంది. రాజు, సామంతుడు, రాజగురువు – వీరందరి పేర్లు రాతిపై నిలిచాయి. గ్రామంలో యువకులను కూడగట్టినది ఎవరు, వారికి పనులు పంచినది ఎవరు, తప్పు చేసినవారిని మందలించినది ఎవరు అన్న ప్రశ్నకు మాత్రం ఏ రాయీ సమాధానం చెప్పదు.

బస్తరులో ఈ ప్రశ్న వేసుకోగానే స్ఫురించేది ఘోటుల్. నారాయణపూర్, కొండగావ్ ప్రాంతాల మురియా గోండుల గ్రామాలలో అవివాహిత యువతీయువకుల నిలయమది. అందులోని యువకులు చేలిక్‌లు, యువతులు మోటియారీలు. దానిని నెలకొల్పినవాడు లింగో అని వారి విశ్వాసం. దంతెవాడ చుట్టుపట్ల నివసించే దండామి మారియాలలో ఈ వ్యవస్థ మురియాల రూపంలో కానరాదు. కనుక బస్తరు అంతటినీ ఒకే ముద్దగా భావించి వ్రాయడం మొదటి పొరపాటు.

లిఖిత ఆధారాలలో ముఖ్యమైనవి రెండు. బస్తరు సంస్థాన పాలనాధికారిగా పనిచేసిన గ్రిగ్సన్ 1938లో మారియా గోండులపై గ్రంథం ప్రకటించాడు. 1947లో వెరియర్ ఎల్విన్ మురియాలపై, వారి ఘోటుల్‌పై బృహద్గ్రంథం వెలువరించాడు. ఘోటుల్‌లోని పదవులు, విధులు, శిక్షలు, నియమాలు ఎల్విన్ రచనలో విస్తారంగా నమోదయ్యాయి. సర్దారు యువకులకు పెద్ద. బెలోసా యువతులకు పెద్ద. దీవాన్, కొత్వార్ వంటి పదవులు మరికొన్ని.

అయితే నాయకుల వరుస క్రమాన్ని పునర్నిర్మించబోయే పరిశోధకునికి ఇక్కడే చిక్కు ఎదురవుతుంది. ఘోటుల్ సభ్యునికి అక్కడ సొంత పేరుతో పని లేదు. బిరుదే అతని పేరు. వివాహమైన పిదప అతడు ఘోటుల్‌ను విడిచిపెడతాడు. అతని స్థానంలోకి మరొకరు వస్తారు. ఒక గ్రామానికి చెందిన వృద్ధులు ముగ్గురు వేర్వేరు సందర్భాలలో ‘సర్దారు’ను తలచుకుంటే, వారు తలచినది ముగ్గురు వేర్వేరు వ్యక్తులను కావచ్చు. శాతకర్ణి అన్న పేరు కనిపించిన ప్రతి చోటా ఒకే శాతవాహన రాజును ఊహించుకుంటే చరిత్ర ఎంత తారుమారవుతుందో, ఇక్కడా అంతే.

బిరుదులను త్రవ్వకంలోని మట్టిపొరల వలె చూడవలసి ఉంటుంది. సర్దారు, దీవాన్ అనేవి పారశీక సంపర్కంతో మన దేశభాషలలోనికి వచ్చిన పాలనా పదాలు. సంస్థానపు కొలువును చూచి యువకులు తమ చిన్న లోకానికి ఆ పేర్లు తెచ్చుకున్నారు. కాబట్టి ఈ బిరుదుల పొర అంత ప్రాచీనమైనది కాజాలదు. కాని పేరు కొత్తదైనంత మాత్రాన వ్యవస్థ కొత్తదని చెప్పరాదు. వ్యవస్థ పాతదై ఉండవచ్చునని పేరును పాతదిగా భావించనూ రాదు.

ఇందుకు భిన్నమైన ఉదాహరణ మన ఆంధ్రదేశంలోనే ఉంది. 1892లో అలెగ్జాండర్ రీ భట్టిప్రోలు స్తూపంలో జరిపిన త్రవ్వకాలలో ధాతుకరండాలు బయల్పడ్డాయి. వాటిపై ఉన్న బ్రాహ్మీ లేఖనాలను బ్యూలర్ చదివాడు. కుబీరకుడనే రాజు ‘సీహ’ గోష్ఠికి ప్రముఖుడని వాటిలో ఒకటి తెలుపుతుంది. మరికొన్ని లేఖనాలు సభ్యుల పేర్లను వరుసగా ఇస్తాయి. సమణదాసుడు వారిలో ఒకడు. క్రీస్తుకు పూర్వమే ఒక స్థానిక సమూహం తన నాయకుని పేరును, సభ్యుల పేర్లను రాతిపై నిలుపుకున్నది. ఆ లేఖనంలోని ‘నిగమపుత్ర’ శబ్దాన్ని చూచి వారందరూ యువకులే అనుకోవడం తొందరపాటు. అక్కడ ‘పుత్ర’ శబ్దం నిగమానికి చెందినవారన్న అర్థంలో గ్రహించదగినది, వయస్సును సూచించనక్కరలేదు.

ఇంకొక తొందరపాటు కూడా పొంచి ఉంది. ‘ఘోటుల్’, ‘గోఠి’ – చెవికి దగ్గరగా వినిపించే మాటలు. కొండగావ్ ప్రాంతంలోని భోంగాపాల్‌లో ఇటుక చైత్యపు శిథిలాలున్నాయి. అక్కడి బుద్ధప్రతిమను స్థానికులు డోక్రా బాబాగా, అనగా వృద్ధదేవునిగా కొలుస్తారు. గోష్ఠి నుండి ఘోటుల్ వచ్చినదని, విహారమే యువజన నిలయంగా మారినదని ఒక చక్కని కథ అల్లడానికి ఇంతకంటె ఏమి కావాలి? కాని ఆ చైత్యానికి, ఎల్విన్ పరిశీలనకు నడుమ పదమూడు శతాబ్దాలకు పైగా ఎడం ఉంది. ఆ ఎడాన్ని పూరించే ఆధారం ఒక్కటైనా లేనిదే శబ్దసామ్యాన్ని వారసత్వంగా ప్రకటించరాదు. అట్లా ప్రకటిస్తే బౌద్ధానికి లేని కీర్తిని తగిలించినవారమే కాక, మురియాలు తమ లింగో పేరిట చెప్పుకునే చరిత్రను వారి నుండి లాగుకున్నవారమూ అవుతాము.

వారసత్వం వేరు, పోలిక వేరు. పోలికకు వినయపిటకం మంచి తావు. ఏడేళ్ళ ప్రాయంలోనే అర్హత్త్వం పొందిన దబ్బ మల్లపుత్త స్థవిరునికి శయనాసనాలు కేటాయించే పనిని, భోజనాల వంతులు నిర్ణయించే పనిని సంఘం అప్పగించింది. ఆ బాధ్యత వహించే భిక్షువు ఛందం, ద్వేషం, భయం, మోహం – ఈ నాలుగింటికి లోను కానివాడై, కేటాయించినదేదో కేటాయించనిదేదో ఎరిగినవాడై ఉండాలని నియమం. ఘోటుల్‌లోనూ పడక చాపల పంపకం, పనుల వంతులు నాయకత్వపు ముఖ్యవిధులే. కలిసి బ్రతికే ఏ సమూహానికైనా పక్షపాతం లేని పంపకమే తొలి పరీక్ష. రెండు వ్యవస్థలూ ఆ ఒకే సమస్యకు ఎవరి మార్గంలో వారు సమాధానం వెదకుకున్నాయి. ఇంతవరకు చెప్పడం న్యాయం.

ఇక మిగిలిన ఆధారం మనుషుల జ్ఞాపకం. 2005లో దంతెవాడ జిల్లాలో సల్వా జుడుం మొదలైన పిదప ఎన్నో గ్రామాలు ఖాళీ అయ్యాయి. వేలాది ఆదివాసులు నాటి ఖమ్మం జిల్లా అడవులకు వలస వచ్చారు. గ్రామం చెదిరినప్పుడు దాని జ్ఞాపకమూ చెదురుతుంది. కనుక దక్షిణ బస్తరు యువజన జీవితాన్ని గూర్చి అడగవలసిన పెద్దలలో కొందరు నేడు భద్రాచలం పరిసరాలలో, మన మధ్యనే ఉన్నారు.

అడిగే పద్ధతిలోనూ జాగ్రత్త అవసరం. సంవత్సరం ఏదని అడిగితే జవాబు రాకపోవచ్చు. 1966 మార్చి 25న జగదల్‌పూర్‌లో మహారాజు ప్రవీరచంద్ర భంజ్‌దేవ్ కాల్పులలో మరణించిన ఘటన బస్తరు ప్రజల జ్ఞాపకంలో నాటుకున్నది. నీవు నాయకుడవైనది అంతకు ముందా, తరువాతా? నీ ముందు ఎవరు, నీ పిదప ఎవరు? ఎవరి పెళ్ళితో ఎవరు తప్పుకున్నారు? ఇట్లా అడిగి, ఒకరి మాటను మరొకరి మాటతో సరిచూస్తూ పోతే సాపేక్ష కాలక్రమం ఏర్పడుతుంది. కుండపెంకుల వరుసను నిర్ణయించే తర్కమే ఇది.

చివరగా ఒక మాట. ఘోటుల్‌ను గూర్చి బయటివారు వ్రాసినదానిలో అధికభాగం కుతూహలంతో వ్రాసినది. ఆ గాయం ఇంకా పచ్చిగానే ఉంది. బిరుదు వెనుకనున్న మనిషి పేరు తెలిసినంత మాత్రాన దానిని ప్రకటించే హక్కు మనకు రాదు. భట్టిప్రోలు కరండంపై పేర్లు చెక్కించినది ఆ గోష్ఠి తన ఇష్టంతోనే. బస్తరు సర్దారు పేరు నిలవాలో వద్దో నిర్ణయించవలసినదీ ఆ సర్దారే, ఆ గ్రామమే. వారు నిలవాలన్ననాడు వ్రాసిపెట్టడానికి మనం సిద్ధంగా ఉండాలి. ఆ పెద్దల వయస్సును తలచుకుంటే అందుకు వ్యవధి ఎక్కువగా లేదు.