పసుపు శాలువా పాటతో మొదలైన మనిషి

కాలేజీ ఓపెన్ మైక్‌లో ఎవరైనా కుర్రాడు రైతుల మీదో, కులం మీదో కవిత చదివితే మన ఐటీ జనాలకి భలే చిన్నచూపు. "ప్లేస్‌మెంట్ వచ్చేదాకానే ఈ ఆవేశమంతా" అని ఓ మాట విసిరేస్తాం. అందులో కొంత నిజం లేకపోలేదు. కానీ రోజూ ట్యాంక్‌బండ్ మీదుగా వెళ్ళేవాళ్ళకి అక్కడి విగ్రహాల్లో ఒకాయన గురించి చెప్పాలని ఉంది. మఖ్దూం మొహియుద్దీన్.

పుట్టింది 1908లో, మెదక్ జిల్లా ఆందోల్‌లో. చదివింది ఉస్మానియాలో. ఉస్మానియా అనగానే మన కళ్ళముందు మెదిలే ఆర్ట్స్ కాలేజీ భవనం తెరిచింది 1939లో. ఈయన ఎమ్మే 1936కే అయిపోయింది.

ఇంతకీ ఈయన మొదటి కవిత ఏమిటో తెలుసా? 1933లో రాసిన "పీలా దుశాలా", అంటే పసుపు శాలువా. విప్లవం లేదు, గిప్లవం లేదు. తోటి కుర్రాళ్ళని నవ్వించే సరదా పాట, అంతే!

తర్వాత బెర్నార్డ్ షా నాటకం "విడోయర్స్ హౌసెస్"ని "హోష్ కే నాఖూన్" పేరుతో ఉర్దూలోకి మార్చి ఆడించాడు. మురికివాడల్లో అద్దెలు పిండుకుంటూ పైకి పెద్దమనుషుల్లా తిరిగేవాళ్ళ కథ అది. నాటకం చూసిన టాగోర్ ముచ్చటపడి శాంతినికేతన్‌కి రమ్మన్నారని చెబుతారు.

నాకు అసలు విషయం ఇక్కడే ఉందనిపిస్తుంది. నవ్వించడం వల్ల జనం ముందు నిలబడటం అలవాటైంది. జనం వింటున్నారని తెలిశాక, ఏం చెప్పాలన్న ప్రశ్న మొదలైంది.

మరి "ప్లేస్‌మెంట్" సంగతి? వచ్చింది. సిటీ కాలేజీలో లెక్చరర్ ఉద్యోగం. 1941లో దానికి రాజీనామా చేసి కార్మిక సంఘాల్లోకి వెళ్ళిపోయాడు. 1944లో "సుర్ఖ్ సవేరా" కవితా సంపుటి, ఆపైన తెలంగాణ సాయుధ పోరాటం, అజ్ఞాతం, జైలు. 1952లో హుజూర్‌నగర్ ఉప ఎన్నికలో గెలిచి అసెంబ్లీకి వెళ్ళాడు. "బిసాత్-ఎ-రక్స్"కి 1969లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది, ఆ ఏడే పోయాడు.

ఉర్దూ కవి కదా, మనకెందుకులే అనుకోకండి. తెలంగాణ పోరాటం మీద కూడా కవిత రాసిన మనిషి.

స్టేజీ ఎక్కిన ప్రతివాడూ మఖ్దూం అవుతాడని నేననను. చాలామంది మనలాగే ఈఎమ్ఐలు కట్టుకుంటూ బతికేస్తారు. కాకపోతే ఆ పసుపు శాలువా పాట విని నవ్వినవాళ్ళలో ఎంతమందికి తెలుసుంటుంది, వీడు ఎంతదూరం వెళ్తాడో? అందుకే మైక్ ముందు కుర్రాడి గొంతు వణికినా సరే, కాస్త ఓపిగ్గా విందాం. పోయేదేముంది చెప్పండి!