పలనాటి క్రైస్తవ ప్రశ్నోత్తర వాఙ్మయము

పొరుగువాఁడు తన మతమును గూర్చి యడిగిన ప్రశ్నకు సామాన్యుఁడు తానే యుత్తరము చెప్పఁగలుగుట యెట్లు? పండితులకుఁ దర్కము గలదు, భాష్యములు గలవు. అక్షరము రానివాని కేమి గలదు? పలనాటి క్రైస్తవ సంఘములకుఁ దొలినుండియు నీ ప్రశ్న యెదురైనది. ఇది తెలుఁగు వచన చరిత్రమునకును సంబంధించినది గావున నిచ్చట విమర్శింపఁబడుచున్నది.

ఈ సీమకు మతవాదము క్రొత్త గాదు. 1515లోఁ గృష్ణదేవరాయలు జయించిన గిరిదుర్గములలో బెల్లంకొండ యొకటి. ఆ యూరి పేరే యింటిపేరుగాఁ గల రామరాయకవి (1875–1914) నరసరావుపేట చెంతనున్న పమిడిపాడున నివసించి, శంకరాశంకరభాష్యవిమర్శాది గ్రంథములచే నద్వైతమును సమర్థించెను. అవి పండితులకై సంస్కృతమున వ్రాయఁబడినవి. అదే సీమలో నంతకుఁ బూర్వమే పామరులకై వేఱొక విధమైన మతసమర్థనము మొదలిడినది.

తెలుఁగున నచ్చుపడిన తొలి పుస్తకములలోఁ గ్రైస్తవ ప్రశ్నోత్తరి యొకటి. మద్రాసునఁ బనిచేసి 1743లో స్వదేశమునకు మరలిన జర్మను పాదిరి బెంజమిన్ షుల్జ్ దానిని 1746లో హాలే నగరమున నచ్చొత్తించెను. దానికి మూలము లూథరు 1529లో రచించిన చిన్న ప్రశ్నోత్తరి. సాక్సనీ గ్రామములను దర్శించినపుడు, ప్రజలకే గాక పెక్కండ్రు గురువులకును దమ మతముయొక్క మూలవిషయములు తెలియకుండుటఁ జూచి యాతఁడు దీనిని వ్రాసెను. పది యాజ్ఞలు, విశ్వాస ప్రమాణము, ప్రభుప్రార్థన మొదలగువానిని వరుసగాఁ జెప్పి, యొక్కొక్కదాని యర్థమేమని యడిగి, చిన్న యుత్తరము నొసంగుట దీని పద్ధతి. ఇంటి యజమానుఁడు తనవారికి నేర్పుటకై యిది యుద్దేశింపఁబడినది. ప్రశ్నోపనిషత్తును, ప్రశ్నోత్తర రత్నమాలికను నెఱిఁగిన మన కీ రూపము విదేశీయమని తోఁపదు.

1842 జూలై 31వ తేదీని గుంటూరు చేరిన యమెరికా లూథరను పాదిరి హేయరు 1849లో గురజాలకు మాఱి పలనాట బోధించెను. కాలక్రమమున నీ సీమను గ్రైస్తవులైనవారిలోఁ బెక్కుమంది మాల మాదిగ కులములవారు. లోకాచారము వారికి నక్షరమును దూరము చేసియుండెను. కావునఁ బ్రశ్నోత్తరి కంటికిఁ గాక చెవికే చేరవలసి వచ్చెను. గురువు చెప్పఁగా విని, మరల మరల వల్లించి నేర్చుట యొక్కటే వారికి మార్గము.

ఇందొక కొఱఁత గలదు. ప్రశ్నోత్తరిలోనివి గురువడుగు ప్రశ్నలు. పొరుగువాఁ డడుగునవి గావు. కులాచారమును విడుచుట యేల? పూర్వకర్మము మాట యేమి? పితృకార్యములను మానవచ్చునా? గ్రామమునఁ బుట్టు ప్రశ్న లిట్టివి. సాక్సనీ ప్రజలకై వ్రాసిన గ్రంథమున వీనికి నేరుగా నుత్తరములు లేవు. వల్లించినవాఁడు ప్రశ్న మాఱినంతనే తడఁబడును. అంతమాత్రమునఁ బ్రశ్నోత్తరి వ్యర్థమనరాదు. తాను నమ్మిన దేదియో యెఱుఁగనివాఁడు దానిని సమర్థింపనేరఁడు గదా.

ఈ కొఱఁతను దీర్చినవారిలో నగ్రగణ్యుఁడు పురుషోత్తమ చౌదరి (1803–1890). బ్రాహ్మణ కుటుంబమున జన్మించి 1833లోఁ గ్రైస్తవుఁడైన యీతఁడు, ప్రశ్నించువాని సిద్ధాంతమును లోపలినుండి యెఱిఁగినవాఁడు. ఈతఁడు మతవిమర్శ గ్రంథములను రచించుటయే గాక, దేశీయ రాగతాళములతోఁ బెక్కు కీర్తనలను గూర్చెను. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలలో నవి నేఁటికిని బాడఁబడుచున్నవి. చదువురాని కూలివాఁడును వానిని నేర్వఁగలఁడు. పాడువాఁడు పరమతమును ఖండింపఁ బూనుకొనఁడు. తన నమ్మికను దన నుడిలోఁ జెప్పును. వినువానికి రోషము గలుగదు, విషయము తెలియును.

కావున సామాన్యుని మతసమర్థనమునకు మూఁడు కావలెను: తాను నమ్మినదాని నెఱుఁగుట, దానిని దన మాటలలోఁ జెప్పఁగలుగుట, యడుగువాని మతమును సానుభూతితోఁ దెలిసికొనుట. మొదటిదానిని బ్రశ్నోత్తరియు, రెండవదానిని గీర్తనయు సమకూర్చినవి. మూఁడవది పుస్తకమువలనఁ గాక పొరుగువారితోడి సహవాసమువలననే యలవడును. మన వచన వాఙ్మయ చరిత్రకారు లీ ప్రశ్నోత్తరుల భాషను, బామరులకై సులభముగా వ్రాయఁ జేసిన తొలి ప్రయత్నములలో నొకటిగా నెంచి పరిశీలించుట యుచితము.