ఆంధ్రపత్రిక: యజమాని, పాఠకుడు

1908లో కాశీనాథుని నాగేశ్వరరావు బొంబాయిలో వారపత్రికగా ప్రారంభించిన ఆంధ్రపత్రిక, 1914లో మద్రాసుకు తరలి దినపత్రిక అయింది. దానికి ఆర్థికంగా దన్నుగా నిలిచినవి అమృతాంజనం లాభాలు. స్వదేశీ పెట్టుబడికి ఆనాడు వలస ప్రభుత్వంతో వైరుధ్యం ఉంది. కనుకనే ఆ లాభం స్వాతంత్ర్యోద్యమానికీ, ఆంధ్రోద్యమానికీ గొంతు కాగలిగింది. ఉగాది సంచికలు, 1924 నుంచి ‘భారతి’ సాహిత్యానికి వేదికలయ్యాయి. నీటి విషయంలో, రాజధాని లేదా హైకోర్టు విషయంలో రాయలసీమకు హామీలిచ్చిన 1937 నాటి ఒడంబడిక కుదిరింది కూడా ఆ పత్రికాధిపతి ఇల్లు శ్రీబాగ్‌లోనే.

1991లో పత్రిక మూతపడింది. యజమాని దాతృత్వంపై నిలిచిన పత్రికకు పాఠకుడు అభిమాని కాగలడేగాని, దాన్ని కొనసాగించే హక్కుదారు కాలేడు. సీమ ప్రజ నేటికీ శ్రీబాగ్ పేరెత్తి హామీలు అడుగుతూనే ఉంది. ఆ పాత సంపుటాలను మనం చదవాలి. తెలుగు వచనం దినదిన రాజకీయాన్ని మోయడం ఎలా నేర్చుకుందో వాటిలో కనిపిస్తుంది.