నిద్ర పక్షవాతం: మెలకువ వచ్చినా కదలని దేహం

తెల్లవారుజామున కళ్లు తెరుచుకుంటాయి. గది కనిపిస్తుంది, ఫ్యాన్ చప్పుడు వినిపిస్తుంది. చేయి మాత్రం లేవదు, గొంతు పెగలదు. తలుపు దగ్గర ఎవరో నిలబడినట్లు, ఛాతీపై ఎవరో కూర్చున్నట్లు అనిపిస్తుంది. కొన్ని సెకన్లలోనో, ఒకటి రెండు నిమిషాల్లోనో ఆ స్థితి దానంతట అదే తొలగిపోతుంది. వైద్యులు దీనిని స్లీప్ పెరాలసిస్, అంటే నిద్ర పక్షవాతం అంటారు. మెదడుకు రక్తం అందక వచ్చే పక్షవాతంతో దీనికి సంబంధం లేదు.

నిద్రలో కనుగుడ్లు వేగంగా కదిలే దశను రెమ్ అంటారు. స్పష్టమైన కలలు ఎక్కువగా వచ్చేది అప్పుడే. కలలో పరుగెత్తే మనిషి మంచం దిగి పరుగెత్తకుండా, కండరాలకు వెళ్లే సంకేతాలను మెదడు ఆ సమయంలో అణచివేస్తుంది. కంటి కండరాలకు, ఊపిరిని నడిపే డయాఫ్రమ్‌కు మాత్రం మినహాయింపు ఉంటుంది. ఈ కట్టడి సడలకముందే మెలకువ వస్తే కల మిగులు కళ్లెదుటి గదిలోకి చొరబడుతుంది. శ్వాస ఆగిపోదు; గట్టిగా పీల్చబోతే ఛాతీ కండరాలు సహకరించవు కనుక బరువు మోపినట్లు తోస్తుంది.

జపాన్‌లో దీనిని కనాషిబారి అంటారు. మన ఊళ్లలో దయ్యం గుండెలపై కూర్చుందంటారు. 'పీడకల'లోని పీడకు మూలమైన సంస్కృత ధాతువుకు అదమడం, నొక్కడం అనే అర్థాలున్నాయి. కాకతాళీయమే కావచ్చు గానీ, ఈ అనుభవానికి అంతకన్నా తగిన మాట దొరకదు. జీవితంలో ఒక్కసారైనా దీనికి లోనైనవారు సాధారణ జనాభాలో సుమారు 8 శాతం, విద్యార్థుల్లో 28 శాతం ఉంటారని 2011 నాటి ఒక సమీక్ష లెక్కగట్టింది.

కల కంటున్నానని కలలోనే తెలియడం లూసిడ్ డ్రీమింగ్. ఇంగ్లండ్‌లోని హల్ విశ్వవిద్యాలయంలో 1975లో కీత్ హెర్న్ దీనిని తొలిసారి యంత్రంపై నమోదు చేశారు. నిద్రపోతున్న వ్యక్తి ముందే అనుకున్న పద్ధతిలో కళ్లను అటూ ఇటూ తిప్పి సంకేతమిచ్చాడు. కట్టడి లేని ఆ కళ్లే సాక్ష్యమిచ్చాయి.

రెండింటిలోనూ రెమ్ నిద్రలోకి స్పృహ ప్రవేశిస్తుంది. లూసిడ్ కలలో మనిషి నిద్రలోనే ఉండి అది కల అని గుర్తిస్తాడు. నిద్ర పక్షవాతంలో మేలుకొని కూడా, ఎదుటి ఆకారం కలదని గుర్తించలేడు. భయమంతా అక్కడే ఉంది. ఒకటి అనుభవించేవారికి రెండోదీ ఎదురయ్యే అవకాశం కొంత ఎక్కువని బ్రిటన్ పరిశోధకులు 2017లో గుర్తించారు. అయితే నిద్ర పక్షవాతం నాసిరకం నిద్రతో ముడిపడి ఉండగా, లూసిడ్ కలలకు అలాంటి సంబంధం కనిపించలేదు.

అయిదారు గంటలు పడుకున్నాక అలారంతో లేచి, మనసును మేల్కొల్పి ఉంచుతూనే మళ్లీ నిద్రలోకి జారడం లూసిడ్ కలల కోసం కొందరు చేసే సాధన. దేహం నిద్రించి మనసు మేలుకొని ఉండటమే నిద్ర పక్షవాతం కనుక, ఈ దారిలో అదీ తారసపడవచ్చు. ఇప్పటికే నిద్ర చాలనివారు ఈ సాధన జోలికి పోకపోవడమే మేలు. వెల్లకిలా పడుకున్నప్పుడు ఈ స్థితి ఎక్కువగా వస్తుంది కాబట్టి పక్కకు తిరిగి పడుకోవచ్చు. పగలు ఆపుకోలేని నిద్ర ముంచుకొస్తున్నా, నవ్వినప్పుడు మోకాళ్లు పట్టు తప్పుతున్నా నార్కోలెప్సీ అనే నిద్ర వ్యాధి ఉందేమో నాడీవైద్యునితో పరీక్ష చేయించుకోవాలి.