ఆడవాళ్లు ఫాంటసీ చదవరా?

ఫిల్మ్‌నగర్‌లో సినిమా కథాచర్చలకు సహాయ రచయిత్రిగా వెళ్తున్న ఒక అమ్మాయి ఈ మధ్య నన్నొక జాబితా అడిగింది. "మేడమ్, మంచి ఫాంటసీ నవలలు చెప్పండి. సిట్టింగులో అందరూ మగవాళ్లే, నేనొక్కదాన్నే ఆడదాన్ని. మాంత్రికుడి సీను చర్చకొస్తే ఆడవాళ్లు ఫాంటసీ చదవరు కదా, నువ్వు తల్లీకూతుళ్ల సీను చూసుకో అంటారు" అంది. కోపంగా కూడా చెప్పలేదు. చెక్‌పోస్టు దగ్గర ట్రాఫిక్ గురించి చెప్పినట్టు చెప్పింది.

జాబితా ఇవ్వడం ఐదు నిమిషాల పని. కానీ 'ఆడవాళ్లు చదవరు' అనే మాటకి పుస్తకాల పేర్లు జవాబు కావు. ఆ మాట ఏ కొండమీద కూర్చుని అంటున్నారో, ఆ కొండ మీదికి సినిమా ఎలా వచ్చిందో చూస్తే కొంత జవాబు దొరుకుతుంది.

ముందు మొదటి పేరు చెప్పేస్తాను. రుకియా సఖావత్ హుసేన్ రాసిన 'సుల్తానాస్ డ్రీమ్'. నవల కాదు, పెద్దకథ. పడక్కుర్చీలో కూర్చుని దేశంలో స్త్రీల స్థితి గురించి ఆలోచిస్తున్న ఒకామెకి కల లాంటిది వస్తుంది. ఆ కలలో ఆడవాళ్ల రాజ్యం. మగవాళ్లు జనానాలో కాదు, మర్దానాలో ఉంటారు. అక్కడ స్త్రీల విశ్వవిద్యాలయాలు రెండు. ఒకటి మబ్బుల్లోంచి నీళ్లు తీసుకునే ఉపాయం కనిపెడుతుంది, రెండోది ఎండ వేడిని నిలవచేసే పద్ధతి కనిపెడుతుంది. శత్రుసైన్యం మీదికొస్తే ఆ ఎండనే గురిపెట్టి తరిమేస్తారు. చదువుతుంటే నవ్వొస్తుంది, ఆ నవ్వు వెనకే గుండె కలుక్కుమంటుంది. పరదాలో పెరిగి, బడికి వెళ్లకుండా అన్నదగ్గరా అక్కదగ్గరా చదువుకున్న మనిషి రాసిన కథ ఇది.

ఆ కథ అచ్చయింది 1905లో, మద్రాసు నుంచి వెలువడే 'ఇండియన్ లేడీస్ మాగజైన్'లో. ఆ పత్రికని 1901లో మొదలుపెట్టి నడిపిన సంపాదకురాలు కమలా సత్తియనాథన్. పెళ్లివల్ల వచ్చిన ఇంటిపేరు చూసి తమిళావిడ అనుకుంటారు చాలామంది. ఆమె తెలుగు కుటుంబంలో పుట్టిన మనిషి. అమెరికాలో షార్లెట్ పెర్కిన్స్ గిల్మన్ స్త్రీలు మాత్రమే ఉండే దేశాన్ని ఊహించి 'హెర్‌లాండ్' రాసింది 1915లో. దానికి పదేళ్ల ముందే ఒక బెంగాలీ ముస్లిం స్త్రీ రాసిన ఊహాలోకాన్ని ఒక తెలుగు స్త్రీ ఎంచి, అచ్చువేసి, తోటి ఆడవాళ్ల చేతుల్లో పెట్టింది. మన సాహిత్య చరిత్రల్లో ఈ సంగతికి ఒక్క వాక్యం కూడా కేటాయించరు. ఆ కథ ఇంగ్లీషులో ఉందని కాబోలు, ఆ పత్రిక ఆడవాళ్లదని కాబోలు.

తెలుగులో ఫాంటసీ అనగానే అందరూ చెప్పేది 'కాశీమజిలీ కథలు'. మధిర సుబ్బన్నదీక్షితులు పన్నెండు భాగాలుగా రాసిన ఆ కథల్లోంచే 1951లో విజయావారి 'పాతాళభైరవి' వచ్చింది. అప్పటికి నాలుగేళ్లుగా అదే నాగిరెడ్డి చక్రపాణిలు 'చందమామ' నడుపుతున్నారు. నాకు ఆ సినిమా ఇష్టం, ఇప్పటికీ టీవీలో వస్తే లేవను. అయినా దాని కథ ఒకసారి ఆడదాని వైపు నుంచి చూడండి. తోటరాముడికి రాజకుమారి కావాలి. రాజుతో సమానమైన సంపద తెమ్మంటారు. పాతాళభైరవి బొమ్మ చేతికి దొరికితే మేడలూ మిద్దెలూ పుట్టుకొస్తాయి. ఆ బొమ్మ ఎవరి చేతిలో ఉంటే వాళ్ల కోరిక తీరుస్తుంది. మాంత్రికుడి చేతికెళ్తే మాంత్రికుడిదీ తీరుస్తుంది. అంత శక్తి ఉన్న ఆ స్త్రీని నీకేం కావాలి అని ఆ సినిమాలో ఎవరూ అడగరు.

ఆ ప్రశ్న అడిగింది అరవయ్యో దశకంలో వారపత్రికల నిండా వచ్చిన మన నవలా రచయిత్రులు. ఇక్కడ నాతో చాలామంది విభేదిస్తారని తెలుసు. కోడూరి కౌసల్యాదేవి, యద్దనపూడి సులోచనారాణి నవలల్ని 'కలల నవలలు' అని ఎద్దేవా చేశారు విమర్శకులు. ఆరడుగుల హీరో, కారు, బంగళా. నిజమే, ఉన్నాయి. వాళ్ల నవలల్లో కథానాయికల కులం, ఆ బంగళాల్లో అంట్లు తోమేవాళ్ల జాడ గురించిన విమర్శల్లో కూడా న్యాయముంది. కానీ కలల నవల అంటే ఫాంటసీ కాక ఇంకేమిటి? మగవాడు కలగంటే జానపదమూ, ఆడది కలగంటే పలాయనవాదమూ ఎలా అయ్యాయి?

ఆ కల ఏమిటో కాస్త దగ్గరగా చూడండి. 'సెక్రటరీ'లో జయంతి, 'ప్రేమనగర్'లో లత ఉద్యోగం చేసే ఆడపిల్లలు. జీతం తెచ్చుకుంటారు, యజమానికి ఎదురుచెప్తారు, ఆత్మగౌరవం దెబ్బతింటే వదిలేసి వెళ్లిపోగలుగుతారు. తోటరాముడికి బొమ్మ చేసిన పని వీళ్లకి ఉద్యోగం చేసింది. మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక అద్దె లైబ్రరీనుంచి తెచ్చిన నవల పట్టుకుని కూర్చున్న గృహిణికి ఆ బంగళా ఎంత దూరమో, నెల మొదట్లో తన పేరున వచ్చే జీతం కూడా అంతే దూరం. మేడ గురించి అందరూ మాట్లాడారు, ఆ జీతం గురించి పెద్దగా ఎవరూ మాట్లాడలేదు.

ఆ నవలలు చేతులు మారిన తీరు కూడా గమనించాలి. సీరియల్ పేజీలు వారం వారం చింపి దాచి, అయిపోయాక బైండు చేయించి, పక్కింటికీ, ఆడపడుచుకీ, కాన్పుకొచ్చిన కూతురికీ ఇచ్చేవాళ్లు. ఇది చదువు, బావుంది అని ఒకరు చెప్పగానే ఇంకొకరు అందుకునేవాళ్లు. సమీక్షలు రాసే పండితులకు తెలియని ఈ సిఫార్సుల దారిని అందరికంటే ముందు పసిగట్టింది సినిమా నిర్మాతలు. 'చక్రభ్రమణం' 1964లో 'డాక్టర్ చక్రవర్తి' అయింది. అంతకుముందు నష్టాలు చూసిన డి. రామానాయుడు 1971లో కౌసల్యాదేవి నవలతో 'ప్రేమనగర్' తీసి నిలదొక్కుకున్నారు. తర్వాత 1973లో 'జీవన తరంగాలు', 1976లో 'సెక్రటరీ', రెండూ యద్దనపూడివే. ఇవాళ ఫిల్మ్‌నగర్ కొండమీద ఆయన పేరుతో ఉన్న స్టూడియో దాటి వెళ్లినప్పుడల్లా నాకు ఆ బైండు పుస్తకాలే గుర్తొస్తాయి. పునాదిలో రాళ్లతోపాటు అవీ ఉన్నాయి. ఆ సంస్థ చరిత్ర చెప్పేటప్పుడు హీరోల పేర్లు వస్తాయి, దర్శకుల పేర్లు వస్తాయి, కౌసల్యాదేవి పేరు ఎంతమంది తలుస్తారు?

ఇంకో పేరు విజయనిర్మల. ఆమె తెలుగులో దర్శకత్వం వహించిన మొదటి సినిమా 1973 నాటి 'మీనా', యద్దనపూడి నవలే. ఒక స్త్రీ రాసింది, ఇంకొక స్త్రీ తీసింది, నటించింది. అక్కడినుంచి నలభైకి పైగా సినిమాలు తీసి 2002లో గిన్నిస్ పుస్తకంలోకెక్కారు. అంతకు ఇరవయ్యేళ్ల ముందే, 1953లో, భానుమతి 'చండీరాణి' జానపదాన్ని మూడు భాషల్లో తీసి కవలలుగా రెండు పాత్రలూ తానే వేశారు. ఆడవాళ్లకి కత్తియుద్ధాలు పట్టవనే వాళ్లు ఈ ఒక్క సినిమా చూస్తే చాలు.

పరిశ్రమ మద్రాసు వదిలి హైదరాబాదు వచ్చింది. డెబ్బయ్యో దశకం మధ్యలో అన్నపూర్ణ స్టూడియోతో మొదలై ఎనభైల్లో, తొంభైల్లో జూబ్లీహిల్స్ బండరాళ్ల మీద స్టూడియోలు, ఆఫీసులు, ఇళ్లు లేచాయి. ఆ కాలంలోనే టీవీ వచ్చింది, వారపత్రికలు తగ్గాయి, అద్దె లైబ్రరీలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. నవలనుంచి సినిమా తీయడం తగ్గిపోయి, కథ సిట్టింగులో పుట్టడం మామూలైంది. సిట్టింగుకి సమయం ఉండదు, రాత్రి పదకొండింటికి కూడా కూర్చుంటారు. అక్కడికి ఆడవాళ్లు రారు, రానివ్వరు. వచ్చినవాళ్లకి తల్లీకూతుళ్ల సీను.

ఆ రోజుల్లో నాలాంటివాళ్లకి ప్రపంచ నవలని పరిచయం చేసింది మాలతీ చందూర్. స్వాతి మాసపత్రికలో 'పాత కెరటాలు' శీర్షిక కింద ఇంగ్లీషు నవలల్ని కథంతా విడమరిచి చెప్పేవారు. అలా చెప్పేస్తే నవల పాడవదా అని సణిగేవాళ్లు ఉండేవారు. ఇంగ్లీషు రాని ఆడవాళ్లు ఎంతోమందికి ఆ నవల గురించి తెలిసే దారి అదొక్కటేనని వాళ్లకి తోచలేదు. ఆమె 2013లో పోయారు. ఆమె చేసినంత ఓర్పుగా నేను చెయ్యలేను గానీ, ఆమె పద్ధతిలోనే మరో రెండు పుస్తకాల గురించి చెప్తాను.

ఒకటి ఆక్టేవియా బట్లర్ 'కిండ్రెడ్' (1979). డానా అనే నల్లజాతి రచయిత్రి 1976లో లాస్ ఏంజెలిస్‌లో కొత్త ఇంట్లో పుస్తకాలు సర్దుకుంటూ ఉండగా తల తిరిగి, కళ్లు తెరిచేసరికి బానిసత్వం నాటి మేరీలాండ్‌లో ఉంటుంది. కాలయంత్రం ఉండదు, ఎందుకు వెళ్లిందో వివరణ ఉండదు. అక్కడ ఆమె చదువు, ఆమె పెళ్లి, ఆమె శరీరం ఏవీ ఆమెవి కావు. మా చదువరుల బృందంలో దీన్ని 1991 నాటి 'ఆదిత్య 369'తో పోల్చి మాట్లాడుకున్నాం. సింగీతం సినిమా మాకందరికీ ఇష్టమే. అందులో కాలయంత్రం ఎక్కినవాళ్లు శ్రీకృష్ణదేవరాయల కొలువు చూస్తారు, తెనాలి రామకృష్ణుణ్ని కలుస్తారు. మా బృందంలో ఒక దళిత మిత్రురాలు అంది కదా, "అక్కా, మీరు ఆ యంత్రం దిగితే సభలో ఉంటారు. నేను దిగితే ఊరి బయట ఉంటాను. నాకు వెనక్కి టికెట్ వద్దు." ఆ తర్వాత చాలాసేపు ఎవరం మాట్లాడలేదు. 'కిండ్రెడ్' గురించి నేను రాసుకున్న నోట్సు కన్నా ఆ మాటే ఆ పుస్తకాన్ని ఎక్కువ విప్పింది.

రెండోది ఉర్సులా లెగ్విన్ 'టెహాను' (1990). లెగ్విన్ 'ఎర్త్‌సీ' అనే ద్వీపాల లోకం సృష్టించి 1968 నుంచి 1972 దాకా మూడు నవలలు రాసింది. అందులో మంత్రవిద్య నేర్పే బడి మగపిల్లలకే. ఆడదాని మంత్రం అంటే లోకువ. పద్దెనిమిదేళ్ల తర్వాత ఆమె మళ్లీ అదే లోకంలోకి వెళ్లి, ఈసారి ఒక నడివయసు రైతు స్త్రీ, వితంతువు, టెనార్ కళ్లతో చూసింది. టెనార్ ఒళ్లు కాలిన ఒక ఆడపిల్లని చేరదీస్తుంది. శక్తులన్నీ పోయిన మహా మాంత్రికుడు మేకలు కాసుకుంటుంటాడు. యుద్ధాలు లేవు. బొత్తిగా ఏమీ జరగలేదని విసుక్కున్నవాళ్లున్నారు. తాను కట్టిన లోకంలో ఆడవాళ్లకి చోటెక్కడ అని ఒక రచయిత్రి తననే నిలదీసుకోవడం కన్నా జరగాల్సింది ఏముంటుందో నాకు తెలీదు.

మన 'బాహుబలి'ని ఈ పక్కన పెట్టి చూడండి. వరద నీటిలో పసివాణ్ని పైకెత్తి పట్టుకున్న శివగామి చెయ్యి, సంకెళ్లలో ఇరవై అయిదేళ్లు చితికి పుల్లలేరిన దేవసేన, ఈ రెండు బొమ్మలూ మర్చిపోలేం. అదే 2015 సినిమాలో యోధురాలైన అవంతికని హీరో పట్టి, బట్టలు సవరించి, కాటుకతో 'అందంగా' మార్చే దృశ్యం మీద ఎంత చర్చ జరిగిందో గుర్తుండే ఉంటుంది. ఆ దృశ్యం రాసుకున్నప్పుడు ఆ గదిలో 'టెహాను' చదివినవాళ్లు ఒక్కరున్నా ఏమనేవారో అనుకుంటూ ఉంటాను.

తెలుగులో అయితే ఓల్గా 'విముక్త'. పురాణం అనండి, ఫాంటసీ అనండి, పేరుతో నాకు పేచీ లేదు. 2015లో సాహిత్య అకాడెమీ పురస్కారం వచ్చిన పుస్తకం. అందులో సీత వెళ్లి శూర్పణఖని కలుస్తుంది. ముక్కూ చెవులూ కోయించుకున్న శూర్పణఖ చేతుల మీదుగా ఒక తోట పెరిగి ఉంటుంది. ఈ నెల మా బృందంలో చదువుతున్నది అదే. ఫిల్మ్‌నగర్ అమ్మాయికి కూడా ఒక కాపీ ఇచ్చాను. సీతా శూర్పణఖల ఆ కథే ముందు చదవమన్నాను.